చీలలు నోట కరిచిన వానాకాలం

ఆ ఏడు వానలు ఎలా కురిశాయంటే, ఆదివారం ఆరాధనకి మాకంటే ముందు చేపలొచ్చి ముందు వరసలో కూర్చున్నాయి. ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదని పాస్టరుగారు వాటిని కోప్పడ్డారు కూడా. చేపలకి కనురెప్పలుండవని నేనే లేచి సర్దిచెప్పాల్సి వచ్చింది.

నమ్మకపోతే మానెయ్యండి. మా పేటలో నన్ను కోతల తాత అంటారు. ఆ పేరు ఒక్కరోజులో రాలేదు, అరవై ఏళ్ళు కష్టపడితే వచ్చింది. చేపల సంగతి కోతే గానీ నీళ్ళ సంగతి నిజం. చర్చిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి మూడు రోజులు కదల్లేదు. తోడిపోశాక చూస్తే, నలభై రెండు పేము కుర్చీలకి కూర్చునే చోట అల్లిక నాని, ఉబ్బి, తెగి, ముసలివాళ్ళ నోళ్ళలా బోసిగా వేలాడుతోంది. చట్రాలకి మాత్రం గీత కూడా పడలేదు. అవి చేసింది నేను. ఇది కోత కాదు. ఇక్కణ్ణుంచి చెప్పేదాంట్లో కోత ఎక్కడైనా వస్తే అది కోత అని నేనే చెబుతాను.

నీళ్ళు తీసిన మర్నాడు పాస్టరమ్మగారు నా వడ్రంగం షెడ్డుకి వచ్చారు. మనిషి పొట్టి, పట్టుదల పొడుగు. తడిసిన గొడుగు నా చిత్రిక బల్ల మీదే పెట్టారు.

"తాతగారూ, బుధవారం మధ్యాహ్నాలు ఈ షెడ్డు మాకు కావాలి. ఆడవాళ్ళం కూర్చుని కుర్చీలు అల్లుతాం."

"అల్లడం వచ్చా మీకు?"

"మీరు నేర్పుతారుగా."

"నేర్పాక?"

"బయటికి పోతారు."

నా షెడ్డులోంచి నన్నే వెళ్ళగొడుతుంటే నవ్వొచ్చింది. సరేనన్నాను. ఆవిడ గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"చిన్నమ్మాయిని కూడా రమ్మనండి."

"అది రాదండీ."

"అడిగారా?"

"అడగలేదు."

"మరి అడగకుండా మీకెలా తెలుసు? దర్శనం వచ్చిందా?" అని వెళ్ళిపోయారు.

మా చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చి అప్పటికి నెల. తొలి వానలకే వాళ్ళింటి వంటగది గోడ కూలి, దాని కింద నాలుగేళ్ళ పాప చనిపోయింది. మాకు ఒక్కతే మనవరాలు. ఆ గోడ కట్టింది మా అల్లుడే, తాపీమేస్త్రి. సమాధి చేసిన సాయంత్రమే అతను దూరపు ఊళ్ళో ఏదో పని ఉందని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అమ్మాయిని మేం తెచ్చుకున్నాం.

తెచ్చుకున్నామనే గానీ, వచ్చింది దాని బట్టల పెట్టె, దాని చెప్పులు, దాని ఒళ్ళు. మనిషి ఎక్కడుందో తెలిసేది కాదు. వంటింటి కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేది. వాళ్ళమ్మ పెడితే రెండు ముద్దలు, పెట్టకపోతే అదీ లేదు. ఏడవలేదు. సంఘంలోవాళ్ళు ఓదార్చడానికి వచ్చేవాళ్ళు. "పాపంటే దేవుడికి ఎంత ఇష్టమో, అందుకే తొందరగా పిలుచుకున్నాడు" అని ఒకావిడ అంటే, అది లేచి లోపలికెళ్ళి, ఆవిడ వెళ్ళేదాకా బయటికి రాలేదు.

నా దగ్గరున్న మందు ఒకటే. కోతలు. పొద్దున ఒక మోతాదు, రాత్రి భోజనాల దగ్గర ఒక మోతాదు.

"నాన్నా, ఆ రోజు పొద్దున..." అని అది మొదలుపెట్టేది.

"పొద్దునంటే గుర్తొచ్చిందమ్మా! మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడిపుంజు ఉండేది. దానికి బద్ధకం. తను కూయకుండా పక్కింటి పుంజుకి గింజలిచ్చి కూయించుకునేది..."

అది నా మొహం కేసి ఒక్క క్షణం చూసేది. తర్వాత పళ్ళెం తీసుకుని కుళాయి దగ్గరికి పోయేది. ఇలా ఒకసారి కాదు, ఐదారుసార్లు జరిగింది.

"దాన్ని చెప్పనివ్వచ్చు కదండీ" అంది మా ఆవిడ.

"చెప్తే ఏడుస్తుంది."

"ఏడవనివ్వండి."

"నువ్వు చూడగలవా?"

మా ఆవిడ గిన్నె గట్టిగా తోమింది.

బుధవారం వచ్చింది. నేను అడగలేదు, మా ఆవిడే అడిగింది. అమ్మాయి వాళ్ళమ్మ వెనకాల షెడ్డులోకి వచ్చి మూలన నిలబడింది. మొత్తం ఆరుగురు. పాస్టరమ్మగారు, మా ఆవిడ, మా అమ్మాయి, టైలరమ్మ, రిటైరైన నర్సమ్మ, టైలరమ్మ వాళ్ళ వదిన.

కుర్చీ అల్లే పని మీకు తెలియకపోతే చెబుతాను, ముఖ్యం. కుర్చీని పక్కకి పడుకోబెట్టాలి. ఒకరు ముందువైపు, ఒకరు వెనకవైపు కూర్చోవాలి. మధ్యలో చట్రం, దాని చుట్టూ వరసగా బెజ్జాలు. నీళ్ళ తొట్టిలో నానబెట్టిన పేముబద్దని ముందువైపు మనిషి బెజ్జంలోంచి తోస్తుంది. వెనకవైపు మనిషి దాన్ని అందుకుని, లాగి బిగించి, సడలిపోకుండా బెజ్జంలో కర్రచీల దిగ్గొడుతుంది. ఒక చేతిలో బద్ద, ఒక చేతిలో చిన్న సుత్తి. చీలలు పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. నోరిచ్చాడు. అందుకని వెనకవైపు వాళ్ళు ఐదారు చీలలు పెదాల మధ్య కరిచిపెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుండాలి. వడ్రంగులందరం అలాగే చేస్తాం. నేను జీవితంలో మౌనంగా ఉన్నదల్లా ఆ కాసేపే.

గంటసేపు నేర్పాను. మొదట్లో చీలలు జారి ఒళ్ళో పడేవి. నర్సమ్మ ఒకటి మింగానని గోల చేసింది. వెతికితే జుట్టుముడిలో దొరికింది. (ఇది నిజం.) తర్వాత పని ఒక దారిన పడింది. టక్ టక్ మని సుత్తుల చప్పుడు, మధ్యలో వాన చప్పుడు.

అప్పుడు పాస్టరమ్మగారికి ఒక సంగతి తట్టింది. ముందువైపు వాళ్ళు మాట్లాడుతున్నారు, వెనకవైపు వాళ్ళు అడ్డు రాలేకపోతున్నారు. నోటినిండా చీలలు మరి.

"ఇదేదో బాగుందమ్మా" అన్నారావిడ. "ఇలాగే చేద్దాం. ముందువైపు కూర్చున్నవాళ్ళు చెప్పాలనుకుంటే చెప్పుకోవచ్చు. వెనకవైపు వాళ్ళు వినాలి. బైబిలు వాక్యం ఎత్తకూడదు, సలహా ఇవ్వకూడదు. వాక్యాలు అందరికీ వచ్చు. వినడమే ఎవరికీ రాదు."

"మరి ఆమెన్ అనచ్చా?" అంది వదిన.

"చీలలు పెట్టుకుని అనగలిగితే అనండి."

నన్ను బయటికి పంపేశారు. నేను పోయాను. ఎక్కడికి? షెడ్డు చెక్కగోడ అవతలికి. అక్కడ నాకు అర్జంటుగా చిత్రిక పట్టాల్సిన పని ఒకటి తగిలింది. చెక్కల మధ్య సందులున్నాయి. ఆ సందులు నేనే వదిలాను, ముప్ఫై ఏళ్ళ క్రితం, గాలి కోసం.

రెండో వారం టైలరమ్మ మాట్లాడింది. పేటలో అందరికీ జాకెట్లు కుట్టి, అందరి కబుర్లూ మోసే మనిషి. ఆవిడ మొగుడు తాగి కొట్టేవాడని మాకు తెలుసు, చచ్చిపోయాడని తెలుసు. ఆ బుధవారం ఆవిడ బద్దలు తోస్తూ, మామూలు గొంతుతోనే, "ఆయన పోయిన రోజు నేను మొట్టమొదట ఏం చేశానో తెలుసా? తలుపు గడియ తీసిపెట్టి పడుకున్నాను" అంది. "పదకొండేళ్ళలో మొదటిసారి గడియ లేకుండా నిద్రపోయాను. పొద్దున్న లేచాక సిగ్గేసింది. మొగుడు పోతే హాయిగా నిద్రపోయిన ఆడదాన్ని దేవుడు ఏమనుకుంటాడని ఇన్నాళ్ళూ ఏ ప్రార్థనలోనూ ఆ మాట ఎత్తలేదు."

వెనకవైపు మా ఆవిడ ఉంది. మా ఆవిడ నోట్లో చీలలు లేకపోతే, "పోనీలే, అలా అనకు" అనేది. అనలేకపోయింది. చట్రం సందులోంచి చెయ్యి పెట్టి టైలరమ్మ వేలు పట్టుకుంది. అంతే. టైలరమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "బద్ద ఆరిపోతోంది, లాగు అక్కా" అంది.

నేను గోడ అవతల చిత్రిక ఆపి నిలబడిపోయాను. ఎన్నో ఏళ్ళుగా చర్చిలో జనం లేచి చెప్పే సాక్ష్యాలు విన్నాను. ప్రతి సాక్ష్యం చివరా ఏదో ఒక మేలు జరిగినట్టు ముగించాలి కదా, లేకపోతే కూర్చోనివ్వరు. దీనికి ముగింపు లేదు. అయినా ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు నడక మారింది.

మా అమ్మాయి మాత్రం ఎప్పుడూ వెనకవైపే. చీలలు నోట్లో పెట్టుకునేది, అవి అయిపోతే ఇంకో ఆరు పెట్టుకునేది. నాలుగు వారాలు అలాగే గడిచాయి. చేతిపని మాత్రం వాళ్ళందరికంటే శుభ్రం. నా కూతురు కదా. ఇంటికొచ్చాక మూడో ముద్ద తినడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఆ మూడో ముద్దకి వంటింట్లో నిలబడి స్తోత్రం చెప్పుకునేది.

ఐదో బుధవారం నర్సమ్మకి జ్వరమొచ్చింది. తోడుగా మా ఆవిడ వాళ్ళింట్లోనే ఉండిపోయింది.

"తాతగారూ!" షెడ్డులోంచి పాస్టరమ్మగారి కేక. "ఆ సందులో ఎంతసేపు నిలబడతారు, కాళ్ళు పీకవూ? లోపలికి రండి. మనుషులు తక్కువయ్యారు."

దొంగ దొరికిపోయాడు. వెళ్ళాను. ఆవిడ అన్నీ ముందే సర్దేశారు. మా అమ్మాయి ముందువైపు కూర్చుని ఉంది. నాకు వెనకవైపు పీట వేసి ఉంది, దాని పక్కన చీలల డబ్బా.

"నేను ముందువైపు..." అన్నాను.

"నోరు తెరవండి" అన్నారు పాస్టరమ్మగారు. తెరిచాను. ఆరు చీలలు పెట్టారు.

పని మొదలైంది. చట్రం అడ్డంగా ఉంది గనక మొహాలు సరిగ్గా కనబడవు. బెజ్జాల్లోంచి దాని వేళ్ళు కనబడుతున్నాయి. మొదటి వరస అయింది. రెండోది అయింది. మూడో వరసలో దాని వేళ్ళు ఆగాయి.

"నాన్నా, ఆ రోజు పొద్దున" అంది.

నా నోట్లోకి ఒక కోత వచ్చేసింది. ఏ కోతో కూడా గుర్తులేదు. చీలలు అడ్డం ఉన్నాయి. కోతని మింగేశాను.

"ఆ రోజు పొద్దున పాపా నేనూ దుకాణానికి బయల్దేరాం. వాన పడుతోంది. నా గొడుగులోనే ఇద్దరం. వీధి మలుపు దాకా వెళ్ళాక అది ఆగిపోయింది. 'అమ్మా, నా కప్ప గొడుగు మర్చిపోయా' అంది. ఇందులో చోటుంది కదే అన్నాను. 'అది కాదు. పెద్ద వాన పడితే ఆ గొడుగు బెకబెకమంటుందని తాత చెప్పాడు. ఇవాళే కదా పెద్ద వాన' అంది."

ఆ గొడుగు నేను కొనిచ్చింది. ఆకుపచ్చది, పైన రెండు కళ్ళు. అరుస్తుందని చెప్పిందీ నేనే. చిన్న వానలకి పలకదు, పెద్ద వాన రావాలి అని, నమ్మేటట్టు, గొంతు తగ్గించి మరీ చెప్పాను. పాప నోరు తెరిచి విన్నది.

"వద్దనాల్సింది" అంది అమ్మాయి. "పక్కింటావిడ పలకరించింది. ఆవిడతో మాట్లాడుతూ, సరే, పరిగెత్తి తెచ్చుకో, నేనిక్కడే ఉంటా అన్నాను. పరిగెత్తింది. గొడుగు వంటగదిలో కొక్కేనికి వేలాడుతోంది. నేను మలుపులోనే ఉన్నాను నాన్నా. చప్పుడు విన్నాను."

నా చేతిలో బద్ద ఉంది. లాగి పట్టుకునే ఉన్నాను.

"అందరూ పాప లోపల ఆడుకుంటోందనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు. నా గోడ, నేను కట్టిన గోడ అని తల నేలకేసి కొట్టుకుంటుంటే, నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. నేనే పంపానని చెప్పలేదు. తప్పంతా ఆ గోడ మీదకే పోనిచ్చాను. ఆయన వెళ్ళిపోతుంటే కూడా చెప్పలేదు."

తొట్టిలోంచి ఇంకో బద్ద తీసుకుంది.

"నీకు చెప్దామని ఎన్నిసార్లో మొదలుపెట్టాను. నువ్వు కోత అందుకోగానే, ఇది చెప్తే నువ్విక జన్మలో కోత కొయ్యవని అనిపించేది. అందుకని ఆగిపోయేదాన్ని."

అప్పుడు ఏడ్చింది. రెండు నెలల ఏడుపు. నేను వింటున్నాను. అలా వినడం ఎంత కష్టమో చెప్పాలంటే, ఆరు చీలల్లో రెండు నా పళ్ళ కింద నలిగి పీచయ్యాయి. ఒక్క మాట అంటే చాలు, దాని ఏడుపు నా మీదకి తిప్పుకోగలను. నా తప్పమ్మా, నా నోటి తప్పు అని గుండె బాదుకోగలను. అప్పుడు అది తన ఏడుపు ఆపి నన్ను ఓదార్చాల్సి వచ్చేది. చీలలు తియ్యలేదు. బద్ద బిగించి, ఒక చీల తీసి, బెజ్జంలో దిగ్గొట్టాను. అది ఇంకో బద్ద తోసింది. ఏడుస్తూనే తోసింది. అందుకున్నాను.

ఆ వరస పూర్తయ్యాక చీలలు ఉమ్మేసి లేచాను.

"ఏమీ అనకు నాన్నా."

"అనను."

"నువ్వు పాపని నవ్వించడానికి చెప్పావు. నేను దాన్ని సంతోషపెట్టడానికి పంపాను. అంతే జరిగింది."

ఎవరి సుత్తీ మోగడం లేదని అప్పుడు గమనించాను. పాస్టరమ్మగారు తల వంచుకున్నారు. "ప్రభువా, నువ్వు విన్నావు. మేమూ విన్నాం. ఆమెన్" అన్నారు. అంత చిన్న ప్రార్థన ఆవిడ నోట అంతకుముందు విన్లేదు, ఆ తర్వాతా విన్లేదు. వెనకవైపున్న టైలరమ్మ వాళ్ళ వదిన చీలల మధ్యనుంచి "ఉమ్మ్" అంది.

ఆ వారమంతా నేను మాట్లాడలేదు. మా ఆవిడ మొదటి రోజు సంతోషించింది. రెండో రోజు నుదురు పట్టుకు చూసింది. మూడో రోజు నర్సమ్మ దగ్గరికి పోయి థర్మామీటరు తెచ్చింది. "జ్వరం లేదు. మరి ఏమైంది ఈయనకి?" అని అమ్మాయిని అడుగుతోంది.

తర్వాతి బుధవారం, నర్సమ్మ కోలుకుని వచ్చినా, ఎవరూ పిలవకుండానే షెడ్డులోకి వెళ్ళి ముందువైపు కూర్చున్నాను. ఎవరూ బయటికి పొమ్మనలేదు. మా ఆవిడ వచ్చి వెనకవైపు కూర్చుని, తనే చీలలు నోట్లో పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ మధ్యలో అందుకోకుండా నా మాట చివరిదాకా విన్నది అదే మొదటిసారి. గొడుగు సంగతి చెప్పాను. నా వాగుడే పాపని వెనక్కి పరిగెత్తించిందని చెప్పాను. మా ఆవిడ చీలలు తీసి పక్కన పెట్టింది. నిబంధన తప్పింది.

"పాప ఆ గొడుగు పక్కలో పెట్టుకుని పడుకునేదండీ" అంది. "నాకు చూపించింది. తాత అంటే దానికి అంత ఇష్టం." మళ్ళీ చీలలు పెట్టుకుంది. నేను ఆ రోజు ఏ కుర్చీ ఎలా అల్లానో నాకే తెలియదు. పాస్టరమ్మగారు దాన్ని విప్పించి మళ్ళీ అల్లించారు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఆయన్ని తీసుకురా. నేను చెప్పాలి. ఫోన్లో చెప్పేది కాదు."

"విని లేచి వెళ్ళిపోతేనో?" అంది వాళ్ళమ్మ వంటింట్లోంచి, భయంగా.

"వెళ్ళిపోతే వెళ్ళిపోతాడమ్మా. ఆ గోడ మాత్రం ఆయన నెత్తి మీద ఇక ఉండకూడదు." నాకేసి తిరిగింది. "నువ్వు ముందే చెప్పెయ్యకు."

"చెప్పను."

"దారిలో ఏదో ఒక కోత చెప్పి నవ్వించు."

"నేను మానేశానమ్మా."

"మానెయ్యమని నేననలేదే. ఇల్లు ఇల్లులా లేదు" అంది. నా చొక్కా గుండీ తప్పుగా పెట్టుకున్నాను. విప్పి సరిగ్గా పెట్టింది. చిన్నప్పుడు నేను దానికి పెట్టినట్టు.

బస్సులో నాలుగు గంటలు. అల్లుడు పనిచేస్తున్న చోట మూడంతస్తుల మేడ లేస్తోంది. గోడల దగ్గర వెతికితే కనబడలేదు. కింద ఇసుక జల్లెడ పడుతున్నాడు. మేస్త్రీ చెయ్యాల్సిన పని కాదది. గడ్డం పెరిగింది. నన్ను చూసి జల్లెడ కింద పెట్టాడు గానీ దగ్గరికి రాలేదు.

"తాపీ ఏది బాబూ?"

"పట్టుకోవడం లేదు మామయ్యా."

"అమ్మాయి నిన్ను రమ్మంది."

"ఏ మొహం పెట్టుకుని రాను? ఆ గోడకి సిమెంటు నేనే కలిపాను. ఆదివారం ఒక్కరోజు సెలవులోనే తొందరగా లేపేశాను. పునాది ఇంకో అడుగు దించాల్సింది."

ఇప్పుడు వినండి. నా కళ్ళ ముందు ఒక మనిషి తన పునాదిని తనే తవ్వుకుంటున్నాడు. ఒక్క మాట చెబితే సగం బరువు దిగుతుంది. ఆ మాట నాకు తెలుసు. అది నాది కాదు. నోట్లో ఒక్క చీల కూడా లేకుండా పళ్ళు కరిచిపెట్టుకున్నాను. నా జీవితంలో నేను చేసిన గట్టి పనుల్లో చర్చి చట్రాల తర్వాత అదే.

"తిట్టడానికేనా మామయ్యా, రమ్మంది?"

"తిట్టడానికైతే నన్నెందుకు పంపుతుంది? తిట్లు ఫోన్లో బ్రహ్మాండంగా వినబడతాయి. మీ అత్తగారితో నాకు అనుభవం."

బట్టలు మార్చుకుని వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం దారిలో ఒక వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఏరు నిండుగా పారుతోంది.

"ఈ వంతెన కట్టకముందు కూడా ఈ బస్సు ఇలాగే వెళ్ళేది తెలుసా?" అన్నాను. "డ్రైవరు పరధ్యానం మనిషి. వంతెన లేదన్న సంగతి అవతలి గట్టుకి చేరాక గానీ చూసుకోలేదు. చూసుకుని భయపడి, వెనక్కి వచ్చి, కండక్టరుకి చెప్పి మళ్ళీ వెళ్ళాడు."

కోతే. అతని పెదవి ఒక పక్కకి కదిలింది. తర్వాత తల కిటికీకి ఆనించి, భుజాలు కదిలేటట్టు ఏడ్చాడు. నేను అటు చూడలేదు. చెయ్యి మాత్రం అతని మోకాలి మీద వేసి ఉంచాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. సన్నటి తుంపర. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. అతను చెప్పులు విప్పి, మెట్టు కిందే ఆగిపోయాడు.

"లోపలికి రా. తడుస్తున్నావు" అంది.

ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. మా ఆవిడ వంటింట్లో మోకరించింది. నాకు గోడలూ సందులూ ఎక్కడున్నాయో బాగా తెలుసు గనక, నా మీద నాకు నమ్మకం లేక, షెడ్డులోకి పోయి కూర్చున్నాను. అక్కడ అల్లాల్సినవి ఇంక మూడే కుర్చీలు ఉన్నాయి. ముట్టుకోలేదు.

ఆ గదిలో వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కల్పించమంటే పది రకాలుగా కల్పిస్తాను, పదీ మీరు నమ్ముతారు. దాన్ని మాత్రం కల్పించను. ఒకసారి అతని గొంతు షెడ్డు దాకా వినబడింది, మాటలు కాదు, ఉట్టి గొంతు. తలుపు తెరుచుకుంటుందని, చెప్పుల చప్పుడు వీధి వైపు పోతుందని చెవులు రిక్కించాను. చెప్పుల చప్పుడు రాలేదు. అమ్మాయి ఏడుపు వినబడింది. చూరు నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే, ఇన్నేళ్ళ విశ్వాసిని, ఒక్క మాటా దొరకలేదు. ఊరికే కూర్చున్నాను. దేవుడు కూడా పక్కన ఊరికే కూర్చున్నట్టే అనిపించింది.

చీకటి పడకముందు తలుపు తెరుచుకుంది. అల్లుడు బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు, మోచేతుల దాకా కడుక్కున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. తువ్వాలు అందించాను. తుడుచుకుని, అది మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"మామయ్యా, ఇంట్లో తినడానికేమైనా ఉందా?" అన్నాడు. "ఇద్దరికీ ఆకలేస్తోంది."

మా ఆవిడ ఆ మాట ఎలా విన్నదో గానీ, నేను లోపలికి వెళ్ళేసరికే నాలుగు పళ్ళాలు పరిచింది. మధ్యాహ్నం వండినది వండినట్టే ఉంది. వేడి చేసింది. అమ్మాయి వచ్చి అతని పక్కన కూర్చుంది. మొహం ఉబ్బిపోయి, ముక్కు ఎర్రబడి, తలంతా చెదిరిపోయి ఉంది. నెలల తర్వాత దాన్ని చూసినట్టనిపించింది.

"మీరు ప్రార్థన చెయ్యండి" అంది మా ఆవిడ నాతో.

నోరు తెరిచాను. మళ్ళీ మూసి, పక్కనున్న భుజం తట్టాను. అల్లుడు చూశాడు. తల వంచాడు.

"ప్రభువా, పాప నీ దగ్గరుంది. మేం ఇక్కడున్నాం. ఈ భోజనానికి స్తోత్రం."

"ఆమెన్" అంది అమ్మాయి, అందరికంటే ముందు.

తిన్నారు. అమ్మాయి ఐదో ముద్ద దాటాక నేను లెక్కపెట్టడం మానేశాను. కాసేపటికి గరిటె గిన్నె అడుగుకి తగిలి గీరుకుంది. అమ్మాయి గిన్నెలోకి వంగి చూసి, వాళ్ళమ్మ కేసి చూసింది.

మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.